చెడినను చేటు చేయని విద్యుద్వలయము

వేసవి సెలవులకు ఇండ్లకు పోవు మా విద్యార్థులలో పలువురు రాత్రి రైలుబండి యెక్కుదురు. బండి కదలిన కొంతసేపటికి ముచ్చట్లు ముగియును. దీపము లార్పుదురు. అందఱును నిద్రపోవుదురు. బయట చీకటి, బండి గంటకు నూఱు కిలోమీటర్ల వేగమున పరుగిడుచుండును. అంత వేగమున పోవు బండిని డ్రైవరు ఆపదలచినను అది అప్పటికప్పుడు నిలువదు; బ్రేకులు వేసిన పిదప కూడ చాలదూరము సాగిపోవును. ఇంజను దీపపు వెలుతురులో అతనికి స్పష్టముగా కనబడు దూరము అంతకంటె తక్కువ. కావున ముందు పట్టాలమీద మఱియొక బండి నిలిచి యున్నదో లేదో అతడు కన్నులతో చూచి తెలిసికొని బండి నాపుట సాధ్యము కాదు. దారిప్రక్కన స్తంభముమీద వెలుగు ఆకుపచ్చ దీపమును నమ్మి అతడు ముందునకు పోవును. అతనిని నమ్మి వేయిమంది నిద్రపోవుదురు.

ఆ ఆకుపచ్చ దీపము చెప్పునది నిజమని పూచీపడువా రెవరు? ఈ ప్రశ్నకు సమాధానము ఒక చిన్న విద్యుద్వలయములో నున్నది. అది మూడు పనులు చేయును. పట్టాలమీద బండి యున్నదా లేదా యని పసికట్టుట మొదటి పని. పసికట్టిన దానినిబట్టి ఒక విద్యున్మార్గమును తెఱచుట, వేఱొకదానిని మూయుట రెండవ పని. ఎఱ్ఱదీపమునో ఆకుపచ్చ దీపమునో వెలిగించి డ్రైవరునకు తెలుపుట మూడవ పని. ఈ మూడు పనులును చేయు వలయమును ఉన్నత పాఠశాల విద్యార్థి ఒక మధ్యాహ్నములో అమర్చగలడు. కాని పనిచేయు వలయమును అమర్చుట వేఱు, నమ్మదగిన వలయమును అమర్చుట వేఱు. ఆ భేద మెట్టిదో మాకు మా విద్యార్థులవలననే చక్కగా తెలిసినది. దానినే యిచట వివరింప బూనితిమి.

మా పాఠశాల విజ్ఞాన ప్రదర్శనమునకై తొమ్మిదవ తరగతి బాలబాలికలు కొందఱు రైలుమార్గపు నమూనా నొకదానిని చేసిరి. ఒక పలకమీద రెండు సన్నని రేకుపట్టీలను పట్టాలవలె బిగించిరి. టార్చిలైటు బ్యాటరీలనుండి ఒక తీగె మొదటి పట్టాకు పోవును. రెండవ పట్టానుండి మఱియొక తీగె ఒక చిన్న ఎఱ్ఱదీపము గుండ మరల బ్యాటరీలకు వచ్చును. ఇనుప చక్రములు గల ఆటబండిని పట్టాలమీద నుంచినంతనే ఆ చక్రములును ఇరుసును రెండు పట్టాలను కలుపును, వలయము పూర్తియగును, ఎఱ్ఱదీపము వెలుగును. బండిని తీసినచో దీపము ఆరిపోవును. చూచినవారందఱును మెచ్చుకొనిరి. మేమును మెచ్చుకొంటిమి.

ప్రదర్శనమునాటి సాయంకాలము తల్లిదండ్రులు గుమిగూడి యుండగా ఎవరి చేయియో తగిలి పలకక్రింది తీగె యొకటి ఊడినది. ఎవరును గమనింపలేదు. ఒక బాలుడు బండిని పట్టాలమీద నిలిపి, "ఇప్పుడు ఎఱ్ఱదీపము వెలుగును, చూడుడు" అనెను. దీపము వెలుగలేదు. ఎఱ్ఱదీపము లేదు గదా యని అతని స్నేహితుడు రెండవ బండిని తోసెను. రెండును ఢీకొని పలకమీదనుండి క్రింద పడెను. అందఱును నవ్విరి. నమూనా చేసినవారిలో నొక బాలిక మాత్రము నవ్వలేదు. ఆమె మా యొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, దారి ఖాళీగా నున్నప్పుడును దీపము వెలుగదు, తీగె ఊడినప్పుడును వెలుగదు. ఈ రెంటికిని భేదము డ్రైవరున కెట్లు తెలియునండీ?" అని యడిగెను.

ఈ ప్రశ్ననే 150 ఏండ్లకు పూర్వము అమెరికా దేశమున విలియం రాబిన్సన్ అను యంత్రశాస్త్రజ్ఞుడు ఎదుర్కొనెను. ఆయన చెప్పిన సమాధానము తెలియుటకు ముందు రిలే యను పరికరమును గూర్చి కొంచెము తెలిసికొనవలెను.

రిలే యనగా చేతితో గాక విద్యుత్తుచే కదలింపబడు స్విచ్చి. ఒక మెత్తని ఇనుప కడ్డీకి రాగితీగెను అనేక పర్యాయములు చుట్టుదురు. ఆ చుట్టలో విద్యుత్తు ప్రవహించునంతసేపు కడ్డీ అయస్కాంతమై యుండును. ప్రవాహ మాగినంతనే ఆ గుణమును కోల్పోవును. కడ్డీ కెదురుగా ఒక ఇనుప నాలుక యుండును. ప్రవాహము వచ్చినప్పుడు అయస్కాంతము నాలుకను లాగును. ఆగినప్పుడు నాలుక తన బరువుచేతనో స్ప్రింగుచేతనో వెనుకకు పోవును. నాలుక కదలుటచే వేఱొక వలయమునకు చెందిన లోహపు మొనలు కలసికొనుటయో విడిపోవుటయో జరుగును. ఇట్లు చీమవంటి చిన్న ప్రవాహము ఏనుగువంటి పెద్ద ప్రవాహమునకు దారి చూపును. అమెరికాలో జోసెఫ్ హెన్రీ పండితుడు 1835 ప్రాంతమున దీనిని తన శిష్యులకు చేసి చూపెను. 1844లో శామ్యూల్ మోర్స్ వాషింగ్టను నగరమునుండి బాల్టిమోరునకు తంతివార్తలు పంపునప్పుడు దూరమునుండి నీరసించి వచ్చిన ప్రవాహముచే పరికరములను నడపుటకు ఇట్టి రిలేయే తోడ్పడెను.

ఇక రాబిన్సన్ సంగతి. ఆయన 1870లో పెన్సిల్వేనియా రాష్ట్రమున కింజువా అనుచోట రైలుమార్గముమీద ఒక స్వయంచాలక సిగ్నలును అమర్చెను. అందులో బండి వచ్చినప్పుడు వలయము మూతపడి ప్రవాహము పుట్టి సిగ్నలు ఆపదను సూచించును. మా విద్యార్థుల మొదటి నమూనాకు మూలసూత్ర మిదియే. దానిలోని దోషము కూడ ఇదియే యని రాబిన్సన్ త్వరలోనే గ్రహించెను. తీగె తెగినను, బ్యాటరీ నీరసించినను, బండి వచ్చి నిలిచినప్పుడు సిగ్నలు కదలదు. ఏమియు చెప్పని సిగ్నలును చూచి డ్రైవరు దారి క్షేమమని తలచును. మౌనమునకు క్షేమమని యర్థము వచ్చుచున్నది. దోషమంతయు అందులోనే యున్నది.

కావున ఆయన అర్థమును తారుమారు చేసెను. మౌనమునకు ఆపద యని యర్థము రావలెను. ఎడతెగక ప్రవహించు విద్యుత్తే "క్షేమము, క్షేమము" అని చెప్పుచుండవలెను. 1872లో ఆయన పేటెంటు పొందిన వలయమున కిదియే ప్రాణము. ఇంగ్లీషున దీనిని ట్రాక్ సర్క్యూట్ అందురు. మనము పట్టాల వలయ మందము.

దాని యమరిక యిట్లుండును. రైలుమార్గమును భాగములుగా విభజింతురు. ఒక భాగపు పట్టాలకును ప్రక్క భాగపు పట్టాలకును నడుమ విద్యుత్తు పోకుండ అడ్డుబిళ్లల నుంతురు. భాగమున కొక కొనయందు బ్యాటరీ. రెండవ కొనయందు రిలే. బ్యాటరీనుండి విద్యుత్తు ఒక పట్టా వెంబడి పోయి, రిలే చుట్టలో తిరిగి, రెండవ పట్టా వెంబడి మరల వచ్చును. దారి ఖాళీగా నున్నంతకాలము రిలే నాలుక లేచియే యుండును; ఆకుపచ్చ దీపమునకు దారి తెఱచియుండును. బండి ఆ భాగములో నడుగుపెట్టినంతనే దాని చక్రములు, ఇరుసు రెండు పట్టాలను కలుపును. విద్యుత్తునకు రిలే వఱకును పోవలసిన పని లేకుండ దగ్గఱి దారి దొఱకును. రిలే చుట్టకు ప్రవాహము చాలదు. నాలుక పడిపోవును. ఆకుపచ్చ దీపపు దారి తెగి, ఎఱ్ఱదీపపు దారి కలసికొనును.

ఇప్పుడు ఒక్కొక లోపమును ఊహించి చూడుడు. తీగె తెగినదా? నాలుక పడిపోవును, ఎఱ్ఱదీపము వెలుగును. బ్యాటరీ ఖాళీ యైనదా? ఎఱ్ఱదీపమే. పట్టా విఱిగి రెండు తునుకలుగా విడిపోయినచో విద్యుత్తు దాటలేదు; అప్పుడును సాధారణముగా ఎఱ్ఱదీపమే. రిలే చుట్ట కాలిపోయినను ఎఱ్ఱదీపమే. ఎఱ్ఱదీపమునకే విద్యుత్తు లేక చీకటియైనచో, వెలుగవలసిన చోట వెలుగని సిగ్నలును ఎఱ్ఱదీపముగా నెంచి యాగవలెనని డ్రైవరులకు నిబంధన గలదు. ఇట్లు యంత్రము చెడినప్పుడు బండ్లు ఆలస్యమగును గాని ప్రాణములు పోవు. దీనినే ఇంజనీర్లు ఫెయిల్ సేఫ్ అందురు. చెడినను క్షేమమువైపునకే ఒఱగునట్లు చేయుట యని దాని భావము.

రిలే నాలుక క్రిందపడుటకు స్ప్రింగును గూడ నమ్మక భూమ్యాకర్షణమును నమ్మిన పూర్వుల వివేకమును చూడుడు. స్ప్రింగు విఱుగవచ్చును, భూమ్యాకర్షణము ఒక్కనాడును తన పని మానదు. మొనలను గూర్చియు అట్టి జాగ్రత్తయే. రెండు లోహపు మొనలు నిప్పురవ్వలచే కరగి అతుకుకొనినచో నాలుక పడవలసినప్పుడు పడదు. అందుచేత క్షేమమును తెలుపు మొనలలో నొకటి వెండితోను, దాని కెదురు మొన వెండి కలిపిన బొగ్గుతోను చేయుదురు. ఈ రెండును ఒకదానితో నొకటి అతుకుకొనవు.

కొంచెము లెక్కయు చేయుదము. మా విద్యార్థుల రెండవ నమూనాలో 6 వోల్టుల బ్యాటరీ, 22 ఓముల నిరోధకము, 70 ఓముల చుట్ట గల 5 వోల్టుల రిలే యున్నవి. దారి ఖాళీగా నున్నప్పుడు మొత్తము నిరోధము 92 ఓములు. 6ను 92చే భాగించిన సుమారు 0.065 ఆంపియరు ప్రవాహము వచ్చును. చుట్టకు సుమారు 4.6 వోల్టులు చేరును. నాలుక లేచుట కది చాలును. ఇప్పుడు చక్రములు పట్టాలమీద 0.5 ఓము నిరోధముతో కూర్చున్నవనుకొందము. అప్పుడు చుట్టకు చేరునది సుమారు 0.13 వోల్టు మాత్రమే. నాలుక పడక తప్పదు. మన దేశపు రైల్వేలలోను పట్టాల మధ్య 0.5 ఓము నిరోధమును కలిపి రిలే పడుచున్నదా లేదా యని పరీక్షించు ఆచారము కలదు.

నాలుకను లేపుటకు కావలసిన ప్రవాహముకంటె లేచిన నాలుకను నిలుపుటకు తక్కువ ప్రవాహము చాలును. ఇది ఏ రిలేకైనను సహజగుణము. కావున బండి వచ్చినప్పుడు ప్రవాహము కొంచెము తగ్గిన చాలదు. నాలుకను నిలుపలేనంతగా తగ్గవలెను. బ్యాటరీ ప్రక్కనున్న 22 ఓముల నిరోధకమును చూచి, "ఇది విద్యుత్తును వృథా చేయుచున్నది గదా, తీసివేయుదమా?" అని విద్యార్థులు మమ్ము అడిగిరి. దానిని తీసివేసినచో చక్రములు కలిపినప్పుడు ప్రవాహము విచ్చలవిడిగా పెరిగి బ్యాటరీ పాడగును. అంతేకాదు, బలమైన బ్యాటరీ చక్రములకును రిలేకును గూడ చాలినంత ప్రవాహము నిచ్చి నాలుకను పడనీయకపోవచ్చును. వ్యర్థముగా కనబడిన ఆ నిరోధకమే ప్రాణములను కాపాడునది.

ఈ వలయమునకు బలహీనతలు లేకపోలేదు. వానకాలమున పట్టాలక్రింది కంకర తడిసి, విద్యుత్తు కొంత పట్టానుండి పట్టాకు కాఱిపోవును. అప్పుడు బండి లేకున్నను నాలుక పడి ఎఱ్ఱదీపము వెలుగవచ్చును. ఇది విసుగు కలిగించును గాని అపాయము గాదు. ఇనుప స్లీపర్లు ఉన్నచోట పట్టాలు రెండును వానిచేతనే కలసిపోవును గనుక ఈ వలయము పనికిరాదు. కొయ్యవియో కాంక్రీటువియో కావలెను. నిజముగా భయపడవలసినది త్రుప్పునకు. బండ్లు అరుదుగా నడచు పట్టాలమీద త్రుప్పుపొర పేరుకొని, చక్రమునకును పట్టాకును విద్యుత్సంబంధము కుదురక, బండి యున్నను లేనట్లే రిలే తలపవచ్చును. ఇట్టి చోట్ల వేఱు సాధనములను గూడ వాడుదురు. తన బలహీనత లెవ్వియో ఎఱిగిన యంత్రకారుడే నమ్మదగినవాడు.

"స్టేషనులో మనుష్యు లున్నారు గదా, వారు చూచి చెప్పలేరా?" అని కొందఱు తల్లిదండ్రు లడుగవచ్చును. మనుష్యులు మఱచిపోవుదురు. 1910 డిసెంబరు 24వ తేది తెల్లవాఱుజామున ఇంగ్లండులోని హాస్ జంక్షను అనుచోట, పని తొందరలోనున్న సిగ్నలు ఉద్యోగి తానే ప్రధాన మార్గముమీద నిలిపియుంచిన రెండు ఇంజనులను మఱచి, వెనుకనుండి వచ్చు ఎక్స్‌ప్రెస్సునకు దారి యిచ్చెను. సిగ్నలు తమకే యనుకొని ఇంజనులును కదలెను. ఎక్స్‌ప్రెస్సు వానిని వెనుకనుండి ఢీకొనెను. పెట్టెలు అంటుకొని 12 మంది మరణించిరి. ఆ యుద్యోగి సోమరి గాడు, చెడ్డవాడు గాడు, అలసిన మనుష్యుడు. అచట పట్టాల వలయ ముండినచో, అతడు మఱచినను పట్టాలు మఱచెడివి కావు. ఆ ప్రమాదము పిమ్మట ఆ రైల్వేవారు అనేక స్థలములలో ఈ వలయములను అమర్చిరి.

రిలే కాలము గడచి ట్రాన్సిస్టరు కాలము వచ్చెను. 1947లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో బార్డీన్, బ్రాటెయిన్ అను శాస్త్రజ్ఞులు మొదటి ట్రాన్సిస్టరును పనిచేయించిరి. షాక్లీ దానిని మఱింత మెఱుగుపఱచెను. అదియు చిన్న ప్రవాహముతో పెద్ద ప్రవాహమును అదుపుచేయు స్విచ్చియే. దానిలో కదలు భాగము లేదు, అది అరుగదు, క్షణములో లక్షలమార్లు తెఱచుకొని మూతపడగలదు. ఇంతటి గుణవంతునకు ఒక లోపము గలదు. రిలే చెడినచో నాలుక ప్రాయికముగా క్రిందికే పడును. ట్రాన్సిస్టరు చెడినచో తెఱచుకొనియే యుండిపోవచ్చును, మూతపడియే యుండిపోవచ్చును. ఏవైపునకు ఒఱగునో చెప్పజాలము. దానికి భూమ్యాకర్షణమువంటి ధర్మము లేదు.

ఈ చిక్కునకు ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయములలో రెండింటిని చెప్పెదము. మొదటిది నాడివంటిది. రోగి బ్రతికియున్నాడని వైద్యుడు నాడి కొట్టుకొనుటచే తెలిసికొనును. అట్లే, క్షేమమును తెలుపు ట్రాన్సిస్టరు ఊరక తెఱచుకొని యున్న చాలదు; తెఱచుకొనుచు మూసికొనుచు ఎడతెగక స్పందించుచుండవలెను. ఆ స్పందనమును ఒక ట్రాన్స్‌ఫార్మరు గుండ పంపుదురు. ట్రాన్స్‌ఫార్మరు మాఱుచుండు ప్రవాహమునే దాటించును. మాఱని ప్రవాహమును దాటింపదు. ట్రాన్సిస్టరు చెడి తెఱచుకొనియే యున్నను, మూతపడియే యున్నను స్పందన మాగును, ఆవలివైపున విద్యుత్తు పోవును, ఎఱ్ఱదీపము వెలుగును. ఏవైపునకు చెడినను ఫలము క్షేమమే. రెండవ ఉపాయము పంచాయతీ వంటిది. ఒకే లెక్కను మూడు కంప్యూటర్లచే విడివిడిగా చేయించి, ఇద్దఱు పెద్దలు ఏకీభవించిన మాటనే పాటింతురు. ఏ ఇద్దఱికిని పొందిక లేనిచో బండ్లను ఆపుదురు.

పట్టాల వలయము కుదురని చోట నేడు ఇరుసులను లెక్కించు పరికరములు గూడ వాడుకలో నున్నవి. పట్టా ప్రక్కన తీగచుట్టల నుంతురు. చక్రము దాటునప్పుడు వాని మధ్యనున్న విద్యుదయస్కాంత క్షేత్రము మాఱును. ఆ మార్పును లెక్కింతురు. ఒకదాని ప్రక్క నొకటిగా రెండు పరికరము లుండుటచే బండి ఏ దిక్కునకు పోవుచున్నదియు తెలియును. లోపలికి పోయిన ఇరుసు లెన్నియో బయటికి వచ్చినవియు అన్నియే యైనప్పుడే దారి ఖాళీ. లెక్క కుదురకపోయినను, నడుమ విద్యుత్తు పోయి వచ్చినను, దారిలో బండి యున్నట్లే ఎంచి, మనుష్యులు నియమప్రకారము పరీక్షించువఱకు ఎఱ్ఱదీపమే యుంతురు.

ఇంత చేసినను ఒక శత్రువు మిగిలియున్నాడు. వాడు వలయములో లేడు. వలయమును విప్పి మరల బిగించు చేతులలో నున్నాడు. 1988 డిసెంబరు 12వ తేదిని లండను నగరమున క్లాఫం జంక్షను సమీపమున, ప్రయాణికులతో నిండిన బండి ముందు నిలిచియున్న బండిని ఢీకొని 35 మంది మరణించిరి. అచట పట్టాల వలయము గలదు; బండి దానిమీదనే నిలిచి యున్నది; అయినను వెనుకటి సిగ్నలు ఎఱ్ఱనిది కాలేదు. విచారణలో కారణము తేలినది. రెండువారములకు పూర్వము తీగెలను మార్చిన పనివాడు పాతతీగెను పూర్తిగా తొలగింపక, కొనను కత్తిరింపక, కట్టక విడిచిపెట్టెను. అది మరల రిలేమొనను తాకి, రాకూడని విద్యుత్తును తెచ్చి, పడవలసిన నాలుకను నిలిపియుంచెను. తీగెల నెన్నిక చేసి సరిచూడవలసిన రెండవ మనుష్యుడు ఆ పని చేయలేదు. ఆ పనివాడు 13 వారములలో ఒక్క దినము మాత్రమే సెలవు పొందియుండెనని గూడ విచారణలో తెలిసెను. ఒక తీగెకొన 35 కుటుంబములను శోకమున ముంచెను.

అది పరదేశపు కథ యని తలంపవలదు. 2023 జూన్ 2వ తేది సాయంకాలము ఒడిశాలోని బహనాగ బజారు స్టేషనున కోరమండల్ ఎక్స్‌ప్రెస్సు ఘోరప్రమాదమునకు లోనైనది. విశాఖపట్టణము, విజయవాడల మీదుగా చెన్నపట్టణము పోవు ఆ బండి మన తెలుగువారి కందఱికిని పరిచితమైనదే. ప్రధాన మార్గమునకు ఆకుపచ్చ సిగ్నలు ఇయ్యబడినది. కాని పట్టాలు ప్రక్కదారికి కలిపియుండెను. బండి ప్రక్కదారిలో నిలిచియున్న గూడ్సుబండిని ఢీకొనెను. దాని పెట్టెలు ఎదుటినుండి పోవుచున్న హౌరా బండికిని తగిలెను. 290 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. సిగ్నలు వలయమునందు పూర్వము చేసిన మార్పులోను, ఆనాడు గేటుదగ్గఱ జరిగిన పనిలోను కలిగిన లోపములే కారణమని రైల్వే భద్రతాధికారి విచారణలో తేల్చిరి. వలయపు సూత్రము తప్పు గాదు. దానిని ముట్టిన పిదప మరల మొదటినుండి తుదివఱకు పరీక్షించుటలో తప్పు జరిగినది.

ఈ విద్యను నేర్పు పెద్ద శిక్షణాలయ మొకటి మన సికింద్రాబాదుననే యున్నది. రైల్వే సిగ్నలు ఇంజనీర్ల కొఱకు 1957లో స్థాపింపబడిన ఆ సంస్థకు దేశపు నానాభాగములనుండి ఉద్యోగులు వచ్చి చదువుకొందురు. బండి ఎఱ్ఱసిగ్నలును దాటబోయినచో తానే బ్రేకులు వేయు "కవచ్" అను భారతీయ సాధనమును ప్రయాణికుల బండ్లమీద పరీక్షించుట 2016లో దక్షిణమధ్య రైల్వేలోనే ఆరంభమైనది. 2020లో దానిని దేశమునకంతకును తగిన సాధనముగా నెన్నుకొనిరి. మన విద్యార్థులలో ఈ పనియం దభిరుచి గలవారు దూరదేశములకు పోనక్కఱలేదు.

నమూనా చేయదలచిన బాలబాలికలకు ఒక మాట. పైన చెప్పిన 6 వోల్టుల బ్యాటరీ, 70 ఓముల చుట్ట గల రిలే, 22 ఓముల నిరోధకము చాలును. నిరోధకము 2 వాట్లకు తక్కువ కానిదిగా తీసికొనుడు. చక్రములు కలిపినప్పుడు అది వేడెక్కును గనుక దానిని వ్రేళ్లతో ముట్టవలదు, బండిని పట్టాలమీద చిరకాలము నిలుపవలదు. దీపములకు వేఱు బ్యాటరీ నుంచుడు. రిలే లేచినప్పుడు కలియు మొనకు ఆకుపచ్చ దీపమును, పడినప్పుడు కలియు మొనకు ఎఱ్ఱదీపమును కలుపుడు. ఇంటి విద్యుత్తును మాత్రము దీనియందు వాడనే కూడదు.

మొదటి నమూనాను సరిదిద్దిన తరువాత మా విజ్ఞానశాలలో ఒక క్రొత్త ఆచారము నెలకొల్పితిమి. ఎవరేని ఒక వలయమును చేసి "పనిచేయుచున్నది, మాస్టరుగారూ" అని తెచ్చినచో మేము వెంటనే మెచ్చుకొనము. తీగెల నొక్కొక్కటిగా ఊడదీసి, ఊడిన ప్రతిసారియు దీపము ఏమి చెప్పుచున్నదో పలకమీద వ్రాయుమందుము. ఒక్క తీగె ఊడినప్పుడైనను దీపము అబద్ధము చెప్పినచో ఆ వలయమును మరల చేయవలెను. ఈ పరీక్షను మొదట అడిగినది ఆనాడు నవ్వని ఆ బాలికయే. ఆమె చేసిన రెండవ నమూనాలో తీగెలు ఏడు. మేము ఏడింటిని ఒకటి తరువాత నొకటిగా ఊడదీసితిమి. ఆకుపచ్చ దీపపు తీగెలు రెండు ఊడినప్పుడు దీపమే వెలుగలేదు. ఎఱ్ఱదీపపు తీగె ఊడినప్పుడు బండి యున్నను చీకటియే. తక్కిన నాలుగు ఊడినప్పుడు ఎఱ్ఱదీపము వెలిగెను. బండి పట్టాలమీద నుండగా ఏ తీగె ఊడినను ఆకుపచ్చ దీపము మాత్రము వెలుగలేదు. ఆమె ఆ ఏడు ఫలితములను వరుసగా పలకమీద వ్రాసి, క్రింద గీత గీసి, మాకు చూపెను. అప్పుడు మెచ్చుకొంటిమి.